బుధవారం నిశ్శబ్దం, శనివారం సంగీతం

ఫిబ్రవరి 3

ఈ డైరీ నేను కొన్నది కాదు. ఎవరో మందుల కంపెనీ వాళ్లు హాస్పిటల్లో పంచిపెట్టారు. ప్రతి పేజీ అడుగున అజీర్తి మాత్రల ప్రకటన. మొన్న నా బీపీ చూసిన మత్తుమందిచ్చే డాక్టరమ్మ, కోపం వచ్చినప్పుడల్లా మనుషుల మీద అరవకుండా ఒక పేజీ రాసుకో సిస్టర్, నెల తర్వాత మళ్లీ చూద్దాం అంది. అలాగైతే ఈ డైరీ నెలకే చాలదు డాక్టర్ అన్నాను. నవ్వింది. నేను జోక్ వెయ్యలేదు.

సరే, ఇవాళ్టి కోపం. కాదు, కోపాలు.

మొదటిది ఆపరేషన్ థియేటర్లో. మా పెద్ద సర్జన్ని వెనకాల అందరం ఆస్థాన గాయకుడు అంటాం. కత్తి అందుకోకముందే స్పీకర్ పెట్టించుకుంటాడు. పాట లేకపోతే చెయ్యి కుదురుగా ఉండదట. ఆయన చెయ్యి, ఆయన పాట, నాకెందుకు? కానీ పొట్ట మూసే ముందు రక్తం అద్దిన గుడ్డలు లెక్కపెట్టాల్సింది నేను. లోపలికి ఎన్ని వెళ్లాయో అన్నీ బయటికి రావాలి. పైకి లెక్కపెడుతూ ఉంటే సరిగ్గా అప్పుడే చరణం అందుకున్నాడు. ఏడు దగ్గర ఉన్నానా, ఎనిమిది దగ్గర ఉన్నానా? పోయింది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఒకటి తక్కువ వచ్చింది. పాట ఆపించండి సార్ అన్నాను. పాట ఆపితే నేనూ ఆగిపోతాను సిస్టర్, మ్యూజిక్ కాన్సంట్రేషన్ పెంచుతుంది, సైన్స్ అది అన్నాడు. చివరికి ఆ గుడ్డ స్టూలు కింద దొరికింది. అందరూ నవ్వారు. మనిషి పొట్టలో ఉండిపోతే నవ్వేవాళ్లా? అప్పుడు కోర్టు మెట్లెక్కేది నేను, పాట కాదు.

రెండోది ఇంట్లో. మా ఇల్లంటే ముందు గదిలో మా ఆయన టైలర్ షాపు, వెనక గదుల్లో మేము. మధ్యలో తలుపు లేదు, కర్టెనే. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా రేడియో మోగాల్సిందే. అది లేకపోతే ఆయనకి సూది కదలదు. ఇన్నేళ్లూ భరించాను. ఇవాళ లోపలికి వెళ్లేసరికి పిట్ట పుస్తకం ముందేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తలూపుతోంది. పిట్ట మా ఒక్కగానొక్క కూతురు. అసలు పేరుతో పిలిస్తే అదే పలకదు. పశువుల డాక్టర్ని అవుతానని చిన్నప్పటి నుంచీ దాని పట్టు. పోయినేడు ఎంట్రన్స్‌లో కొద్దిలో సీటు తప్పింది. ఈ మే నెలలో ఇంకొక్కసారి. ఆ తర్వాత ఇంక రాయించకూడదని అనుకున్నాం. అలాంటి పిల్ల పాటలు వింటూ చదువుతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇయర్‌ఫోన్స్ లాగేశాను. మా ఆయన మెడలో టేపుతో కర్టెన్ తోసుకుని వచ్చాడు. పెట్టుకోమన్నది నేనే, పాట ఉంటే మనసు నిలుస్తుంది, పుట్టిబుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నాను అన్నాడు. మీరు కుట్టేది ప్యాంట్లు, అది చదివేది కెమిస్ట్రీ అన్నాను. ప్యాంటుకి బుర్ర అక్కర్లేదా అన్నాడు. మీ ప్యాంట్లు చూస్తే తెలుస్తూనే ఉంది అన్నాను.

అది కాస్త ఎక్కువైంది. అయినా వెనక్కి తీసుకోను.

ఫిబ్రవరి 6

మాటల్లేవు. సంసారం పిట్ట మీదుగా నడుస్తోంది. అమ్మని అడుగు, గ్యాస్ బుక్ చేసిందా అని. నాన్నకి చెప్పు, నాకున్నవి రెండు చేతులే అని. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చునే. పిట్ట ఇటు విని అటు చెప్తుంది, అటు విని ఇటు చెప్తుంది. నేనన్న మాటని కాస్త మెత్తబరిచి చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. చెవిటిదాన్ని కాదుగా.

ఫిబ్రవరి 9

మొత్తానికి మనిషి నోరు విప్పాడు. పందెం వేద్దామన్నాడు.

ఆయన లెక్క ఇది. సోమ, మంగళ, బుధ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు, షాపులో రేడియో కూడా బంద్. బుధవారం సాయంత్రం పిట్ట ఒక మోడల్ పేపరు రాస్తుంది. గురు, శుక్ర, శని సంగీతం. మాటల్లేనిది, వేణువో వయొలినో, ఆయన ఎంచిపెడతాడు, నేను పల్లెత్తు మాట అనకూడదు. శనివారం సాయంత్రం ఇంకో పేపరు. రెండూ నేనే దిద్దాలి, నన్నయితే ఎవరూ అనుమానించరు కాబట్టి. ఏ పేపరులో మార్కులు ఎక్కువొస్తే ఆ వారం వాళ్లది. ఏప్రిల్ చివరికి ఎవరిది పైచెయ్యి అయితే పరీక్ష దాకా ఇంట్లో వాళ్ల మాటే చట్టం.

సరే, తేల్చుకుందాం అన్నాను. ఓడిపోయాక మొహం మాడ్చుకోకూడదు అన్నాను. ఎవరు మాడ్చుకుంటారో చూద్దాం అన్నాడు. పిట్టని కూడా అడిగాం, అడగకుండా ఏం చెయ్యలేదు. మీ ఇష్టం అంది.

ఫిబ్రవరి 12, సాయంత్రం

ఈ మూడు రోజులూ చూడాలి ఆ మనిషి అవస్థ. రేడియో లేదు. మిషన్ తొక్కుతాడు, ఆపుతాడు. కత్తెర తీస్తాడు, పెడతాడు. పీకలోంచి కూనిరాగం వస్తుంటే నేను కర్టెన్ పక్కనుంచి దగ్గుతాను. టక్కున మింగేస్తాడు. నిన్న ఎవరిదో కోటుకి కుడి చెయ్యి ఎడమ పక్క, ఎడమ చెయ్యి కుడి పక్క కుట్టాడు. ఆ పెద్దమనిషి ట్రయల్ వేసుకుంటే వెనక్కి నడుస్తున్నట్టు ఉన్నాడు. ఇదంతా నీ నిశ్శబ్దం వల్లే అన్నాడు నాతో. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాను. ఇక్కడ అసలు మద్దెలే లేదు కదే అన్నాడు.

పిట్ట మంచి మార్కులు తెచ్చుకుంది. రాసుకోవడానికి ఇవాళ కోపం ఏమీ లేదు.

ఫిబ్రవరి 16

మొదటి వారం నాది. నిన్నటి సంగీతం పేపరులో మూడు మార్కులు తగ్గాయి. ఎర్ర పెన్నుతో అంత సంతోషంగా ఎప్పుడూ ఇంటూలు కొట్టలేదు. షాపులో నిలువుటద్దం పైమూల మీద ఆయన చాక్ ముక్కతో అమ్మ, నాన్న అని రాసి, నా కింద ఒక గీత గీశాడు. పళ్లు బిగబట్టి గీశాడు.

ఫిబ్రవరి 23

ఆయన గెలిచాడు. నాలుగు మార్కులు.

పేపరు తేలిక అన్నాను. రెండు పేపర్లూ ఒకే పుస్తకంలోవి, నువ్వే ఎంచావు అన్నాడు. నిజమే. ఒళ్లు మండిపోయింది. గెలిచినవాడు ఊరుకోవచ్చుగా? షాపుకొచ్చిన ప్రతివాడికీ నడుం కొలత తీస్తూ వేణువు గొప్పతనం చెప్తున్నాడు. ఒక బస్ కండక్టరు మాత్రం నా పార్టీ. రోజంతా విజిలూ జనమూ విని చచ్చాను, దేవుడు వరమిస్తే నిశ్శబ్దమే కోరుకుంటానండీ అన్నాడట. ఆయన చొక్కాకి కాజాలు శ్రద్ధగా కుట్టమని పిట్టతో చెప్పించాను.

మార్చి 2

నాది.

మార్చి 9

ఆయనది. రెండంటే రెండే మార్కులు. అద్దం మీద చెరి రెండు గీతలు. కస్టమర్లు లోపలికి రాగానే బట్ట ఇవ్వకముందే స్కోరు అడుగుతున్నారు. ఇంటి గుట్టు బజారున పెట్టాడు ఈ మనిషి.

మార్చి 14, మధ్యాహ్నం 2.15, డ్యూటీ రూమ్

గాయకుడు ఇవాళ కొత్త స్పీకర్ తెచ్చాడు. నీలం లైటు కూడా వెలుగుతుంది, పాటకి తగ్గట్టు ఆరుతూ. నేను లెక్క మొదలుపెట్టగానే గట్టిగా అరిచినట్టు చెప్పాను, సార్, ఐదు నిమిషాలు. వినిపించుకోలేదు. వినిపించలేదేమో కూడా, అంత సౌండు. మళ్లీ చెప్తే, సిస్టర్, మీకు సంగీతమంటే పడదని ఊరంతా తెలుసు, మీ వారి షాపులోనే కోటు కుట్టించుకుంటున్నాను అన్నాడు. థియేటరంతా ఇకిలింపులు.

చూశారా, ఎక్కడిదాకా పాకిందో. ఎవరికి చెప్తున్నాను నేను, చూశారా అని. ఈ డైరీ ఎవరు చూస్తారు? అజీర్తి మాత్రలు.

ఇంటికెళ్లి మా ఆయన్ని దులిపేస్తాను. ఇవాళ శుక్రవారం. సంగీతం రోజు. పల్లెత్తు మాట అనకూడదు. చచ్చింది గొర్రె.

మార్చి 23

ఆరు వారాలు. చెరి మూడు. ఈ పిల్లకి పాటతో చదివినా పాట లేకుండా చదివినా ఒకటేనా అంటే కాదు. ఒక వారం అటు, ఒక వారం ఇటు. తేలడం లేదు. ఇంక తేలేదాకా వదలనని ఆయన. నేను మాత్రం వదుల్తానా? తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషితో కాపురం చేస్తున్నాను, ఆ నాలుగో కాలు చూపించకుండా పోను.

పిట్ట బాగా చిక్కింది. పరీక్షలన్నాక తప్పదు. రాత్రిళ్లు పళ్లు కొరుకుతోంది. మార్కులు మొదటి వారం కన్నా పెరగడం లేదు. అదే నాకు అంతుపట్టడం లేదు. ఇంత చదువుతున్న పిల్లకి పెరగొద్దూ? సంగీతం రోజుల్లో చదివింది నిశ్శబ్దం రోజుల్లోని చదువుని కూడా చెడగొడుతోంది, అంతే. ఆయన ఇదే మాట తిప్పి అంటున్నాడని పిట్ట చెప్పింది.

మార్చి 30

నాది. ఆయన గీత గియ్యలేదు, నేనే గీసుకున్నాను.

ఏప్రిల్ 3

ఇది కోపమో కాదో తెలియదు, అయినా రాస్తాను.

మధ్యాహ్నం ఆపరేషన్ ఒకటి రద్దయింది. పేషెంటుకి జ్వరం. తొందరగా ఇంటికొచ్చాను. గురువారం కాబట్టి షాపులో వయొలిన్ మోగుతోంది, ఆయన ఎవరికో భుజాల కొలత తీస్తున్నాడు. వెనక గదిలో పిట్ట ఫోన్లో ఫ్రెండుతో మాట్లాడుతోంది. నా వైపు వీపు. కోపంగా లోపలికి వెళ్లబోయి ఆగాను. పాఠం చెప్తోంది అవతలి పిల్లకి. ఆవుకీ దూడకీ రంగు ఎలా వస్తుంది, ఏ జీను ఏ జీనుని అణచేస్తుంది, నిష్పత్తి ఎంత. గడగడా. మంచినీళ్లు తాగినట్టు. అవతల పిల్లకి అర్థం కాకపోతే ఇంకోలా చెప్పింది.

ఆ లెక్క నిన్న బుధవారం పేపరులో ఉంది. పిట్ట తప్పు రాసింది. ఇంటూ కొట్టింది నేనే.

ఫోన్ పెట్టేదాకా ఆగాను. నిన్నెందుకు తప్పు రాశావే అని అడిగాను. తేలు కుట్టిన దొంగలా చూసింది. మర్చిపోయానంది. నాకు అబద్ధాలు చెప్పేవాళ్లు రోజుకి పదిమంది తగుల్తారు, ఏమీ తినలేదు సిస్టర్ అని ఆపరేషన్ టేబుల్ మీద వాంతి చేసుకునేవాళ్లు. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

ఈ వారం నాన్నది అంది.

అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. పోయిన వారం నీదిగా అమ్మా, ఈ వారం నాన్నది అంది. ఎంతో మామూలుగా చెప్పింది. చెత్తబుట్ట ఎవరి వంతో చెప్పినట్టు.

మొదటి వారం తప్పులు నిజంగానే పడ్డాయట. ఆ ఆదివారం నాన్న అన్నం సగంలో లేచిపోయాడట. నేను పాడుకుంటూ గిన్నెలు తోమానట. నేనా? పాడానా? పాడావు అంది. అందుకని రెండో వారం బుధవారం నాలుగు ప్రశ్నలు కావాలని తప్పు రాసింది. నాన్న తేరుకున్నాడు. నేను రెండు రోజులు దీనితో కూడా మాట్లాడలేదట. అందుకని మూడో వారం నాకిచ్చింది. అలా. ఒకళ్లు వరసగా గెలిస్తే ఇంకొకళ్ల మొహం చూడలేకపోతున్నానమ్మా, చెరిసగం ఉంటేనే ఇద్దరూ కాస్త కుదురుగా ఉంటున్నారు అంది. తేడా మరీ ఎక్కువుంటే అనుమానం వస్తుందని రెండూ, మూడూ, నాలుగూ మార్కుల్లో ఉంచిందట. ముందు అన్ని ప్రశ్నలూ సరిగ్గా చేసుకుంటుంది. ఆ తర్వాత ఏవి తప్పు రాయాలో ఎంచుకుంటుంది. తేలికవి తప్పు రాస్తే నేను కనిపెడతానని, కాస్త కష్టమైనవే ఎంచుకుంటుందట. నిన్న ఒక్కటి తేలికది పడింది, అలసటలో.

చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. దించాను. కొడితే అది కూడా ఎవరో ఒకరి గీత కింద లెక్కేసుకుంటుంది.

సరే, నిజం చెప్పు, నీకు ఎలా చదివితే బుర్రకెక్కుతోంది, పాటతోనా, పాట లేకుండానా అని అడిగాను. ఇంత జరిగాక కూడా అదే అడిగాను. తెలియదమ్మా అంది. ఇదివరకు పాట పెట్టుకుంటే బాగుండేది, ఇప్పుడు ఏ పాట విన్నా శనివారం గుర్తొస్తుంది, నిశ్శబ్దంగా ఉంటే నువ్వు కర్టెన్ వెనక ఉన్నావేమో అనిపిస్తుంది, రెండు నెలలుగా నేను చదవడం లేదు, ఎన్ని తప్పు రాయాలా అని లెక్కలు వేసుకుంటున్నాను అంది.

ముందు గదిలో వయొలిన్ మోగుతూనే ఉంది. కస్టమరు బాగా వాయిస్తున్నాడండీ అంటున్నాడు.

ఏప్రిల్ 4

చెప్పేశాను ఆయనకి. పిట్ట మీదుగా కాదు, మొహం మీదే.

పందెం ఎవరిది అన్నాను. ఇయర్‌ఫోన్స్ లాగింది ఎవరు అన్నాడు. షాపు అద్దం మీద స్కోరు రాసిందెవరు అన్నాను. మార్చి ముప్పైన చాక్ లాక్కుని గీసుకున్నదెవరు అన్నాడు. తేదీలతో సహా గుర్తుంది మనిషికి. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారే, మన ఇంట్లో రెండు పిల్లులండీ అన్నాను. మోచేత్తో అద్దం తుడిచాడు. చాక్ చొక్కాకి అంటింది, దులుపుకోలేదు.

ఆ తర్వాత అసలు చిక్కు మొదలైంది. ఇప్పుడేం చెయ్యాలి? రేడియో ఆపేస్తే నేను గెలిచినట్టు. పెడితే ఆయన గెలిచినట్టు. ఆయన చెయ్యి నాబ్ దగ్గరికి వెళ్లింది, వెనక్కొచ్చింది. నేను ఆపండి అనలేను, పెట్టుకోండి అనలేను. చివరికి ఇద్దరం కలిసి పిట్ట దగ్గరికి వెళ్లి నువ్వే చెప్పు అన్నాం.

మీ ఇష్టం అంది.

ఆ మాట విన్నానంటే గోడకేసి తల బాదుకోవాలనిపిస్తోంది. పంతొమ్మిదేళ్ల పిల్లకి తన ఇష్టం లేకుండా ఎవరు చేశారు?

ఏప్రిల్ 8, మధ్యాహ్నం 3.40

ఇవాళ ప్లగ్ పీకేశాను. లెక్క మొదలయ్యే ముందు, గ్లవ్స్ తీసేసి, నడుచుకుంటూ వెళ్లి, గోడలోంచి పీకి, మళ్లీ చేతులు కడుక్కుని వచ్చాను. గాయకుడు మాస్కు మీదుగా చూశాడు. నేనూ చూశాను. లెక్క ఒక్కసారికే సరిపోయింది.

సూపరింటెండెంట్ పిలిపించింది. పెద్ద డాక్టర్ని అవమానిస్తారా అంది. ఏం రాసుకుంటారో రాసుకోండి మేడమ్, నాకు ఇంట్లో అంతకన్నా పెద్ద మెమో వచ్చింది అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. కుర్చీ చూపించి కాఫీ తెప్పించింది. నాకు అదీ కోపమే.

ఏప్రిల్ 11

థియేటర్లో కొత్త రూలు. లెక్క జరిగేటప్పుడు పాట ఉండకూడదు. నోటీసు బోర్డు మీద పెట్టారు. అందరూ వచ్చి గెలిచావు సిస్టర్ అంటున్నారు. గెలిచి ఏం చేసుకోను.

ఏప్రిల్ 12

ఇవాళ్టి నుంచి లైబ్రరీలో చదువుకుంటానని పిట్ట పొద్దున్నే సంచీ తగిలించుకుని వెళ్లింది. మంచిదే. లైబ్రరీ అంటే నిశ్శబ్దం. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 24

వారపు సెలవు. మధ్యాహ్నం మా ఆయన పిట్ట అన్నం డబ్బా మర్చిపోయిందని పట్టుకుని లైబ్రరీకి వెళ్లాడు. పది నిమిషాల్లో ఫోన్. పిట్ట లేదు. ఇవాళే కాదు, ఫోటో చూపిస్తే ఈ పిల్ల అసలు ఎప్పుడూ రాలేదని లైబ్రేరియన్ అన్నాడట.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాను. పిట్ట ఫోన్ ఆఫ్. ఆ రోడ్డు మీదే ఇద్దరం అరుచుకున్నాం. మీరు గారం చేశారు అన్నాను, నువ్వు భయపెట్టావు అన్నాడు. చివరికి మా పార్టీ కండక్టరు బస్సాపి చెప్పాడు, అమ్మాయిగారు రోజూ మా బస్ స్టేషన్లోనే కూర్చుంటారు కదండీ, మీకు తెలుసనుకున్నాను అని.

బస్ స్టేషన్ వెయిటింగ్ హాలు. లోపల అడుగు పెట్టగానే చెవులు దిమ్మెత్తిపోయాయి. మైకులో ఏ బస్సు ఏ నంబరు ప్లాట్‌ఫారమో చెప్తూనే ఉంది ఒకామె, గొంతు బొంగురుపోయి. డ్రైవర్లు హారన్లు. ఒక పసివాడు ఒకటే ఏడుపు. ఎవరో ఫోన్లో పాట పెద్దగా పెట్టుకున్నారు, ఇంకెవరో దాని మీద ఇంకో పాట. నీళ్ల సీసాలమ్మేవాడి కేక. మూలన ఫ్యాను గిర్రుగిర్రుమంటోంది, రెక్క వంగినట్టుంది.

మూడో వరసలో పిట్ట. సంచీ ఒళ్లో, దాని మీద పుస్తకం. చెవుల్లో ఏమీ లేవు. ఒక పక్క బస్తాలు, ఇంకో పక్క ఒక ముసలాయన గురక. పెన్ను ఆగడం లేదు. పేజీ తిప్పింది. మళ్లీ రాసింది. పసివాడు కాలికి తగుల్తూ వెళ్లాడు, కాలు కాస్త జరిపింది, తల ఎత్తలేదు.

మా ఇంట్లో అది అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో ఎవరు అడుగు వేసినా తలెత్తుతుంది. కప్పు కింద పెట్టిన చప్పుడు బట్టి నా మూడ్ చెప్పేస్తుంది. కత్తెర పడిన చప్పుడు బట్టి వాళ్ల నాన్నది చెప్తుంది. ఇక్కడ ఇంత గోల, అందులో ఒక్కటీ దాన్ని ఉద్దేశించింది కాదు.

కోపం తన్నుకొచ్చింది. వెళ్లి రెక్క పుచ్చుకుని ఇంటికి ఈడ్చుకొద్దామని కదిలాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదలమన్నాను. వదల్లేదు. ఏడుస్తున్నాడు ఆ మనిషి, నలుగురిలో. డబ్బా చేతిలోనే ఉంది. అది కూడా ఇవ్వకుండా వచ్చేశాం. ఇస్తే మేం వచ్చామని తెలిసిపోతుంది, రేపట్నుంచి అక్కడ కూడా తల ఎత్తి చూస్తుంది.

ఏప్రిల్ 25

లైబ్రరీలో బాగుందా అని అడిగాడు ఆయన. బాగుంది నాన్నా, చాలా ప్రశాంతంగా ఉంది అంది.

ఏప్రిల్ 26

ప్రశాంతంగా ఉందట.

మే 11

పరీక్ష. ఇద్దరినీ రావద్దంది. ఇద్దరం వెళ్లలేదు. షాపు మూసి ఉంది, రేడియో లేదు. అది పందెం నిశ్శబ్దం కాదు, పెట్టాలని ఇద్దరికీ తోచలేదు, అంతే.

సాయంత్రం వచ్చింది. అన్నీ రాశానంది. ఎన్ని తప్పు పోతాయో అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అన్నం తింటూ తనే చెప్పింది. చివర్లో టైము మిగిలిందట. అన్నీ ఒకసారి సరిచూసుకుంటూ, ఒక ప్రశ్న దగ్గర సరైన జవాబు నింపి ఉండగానే పక్కనున్న తప్పు జవాబు గడి కూడా నింపబోయిందట. అలవాటు కొద్దీ. పెన్ను ఆనిందట కూడా. అప్పుడు గుర్తొచ్చిందట, ఈ పేపరు ఎవరిదీ కాదని.

నవ్వుతూ చెప్పింది. మా ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు. నేను ఆ ప్రశ్న ఏదో, గడిలో ఎంత చుక్క పడిందో, పేపర్లు దిద్దే మెషీన్ దాన్ని తప్పు కింద తీసుకుంటుందో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పళ్లెం ఎత్తి గోడకి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కప్పు చప్పుడుకే తలెత్తే పిల్ల.

జూన్ 9

సీటు వచ్చింది.

కాలేజీ మా వీధి నుంచి మూడు బస్ స్టాపులు. నడిచినా అరగంటే. హాస్టల్లో ఉంటానంది పిట్ట. గదికి ఆరుగురట. నేల చూస్తూ అడిగింది, ఎవరిని ముందు అడగాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడి.

ఇద్దరం ఒకేసారి సరే అన్నాం.